పెంపుడు నీటి తాబేలు – డిప్ప బలము మేతలోనే కలదు

కోడి తోలుగ్రుడ్డు పెట్టినచో దాణాలో సున్నపు పదార్థము చాలలేదని మన ఇండ్లలో ఆడవారికి వెంటనే తోచును. నత్తగుల్లల పొడి కలిపి వేయుదురు. క్రమముగా గ్రుడ్డు పెంకు గట్టిపడును. ఈనిన గేదె పాలజ్వరముతో కూలబడినచో పశువైద్యుడు వచ్చి కాల్షియము మందు నరమునకు ఎక్కించును. గేదె లేచి నిలువబడును. ఇంత తెలిసిన ఇండ్లలోనే, పిల్లల ముచ్చటకై కొని తెచ్చిన చిన్న నీటి తాబేలు డిప్ప మెత్తబడి, కండ్లు మూతపడి, మేత ముట్టక చనిపోవుచున్నప్పుడు మాత్రము "దీనికేదో తెగులు తగిలినది" అని ఊరకుందురు. అది చాల మట్టుకు తెగులు కాదు. మేతలోని లోపము, ఎండ తగలని లోపము. రెండును మన చేతిలో ఉన్నవే.

ఇది పట్టణముల వేడుక మాత్రమే అని అనుకొనరాదు. రంగుచేపల దుకాణములు నేడు చిన్న ఊళ్లకు కూడ వచ్చినవి. తాబేలు ఇంట ఉన్నచో కలసివచ్చునను నమ్మకముతో కొందరు, పిల్లల మారాము తీర్చుటకు కొందరు, రూపాయి బిళ్ల కంటె కొంచెము పెద్దదైన ఆకుపచ్చని పిల్లను గాజుపాత్రలో వేసికొని తెచ్చుకొనుచున్నారు. తెచ్చినది బొమ్మ కాదు. చక్కగా మేపినచో ఇరువది, ముప్పది యేండ్లు బ్రదుకు ప్రాణి. ఒక జత ఎడ్లు మీ యింట పనిచేయు కాలము కంటె ఎక్కువ కాలము అది మీ యింట ఉండును. కావున దాని పోషణమును గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట అవసరము.

ఏ తాబేలును పెంచరాదు?

మొదట చట్టము సంగతి. మన చెరువులలో, కాలువలలో, నూతులలో కనబడు తాబేళ్లను పట్టి పెంచుట తగదు. మన దేశపు తాబేళ్లకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. మన చెరువులలో సామాన్యముగా కనబడు మెత్తని అంచుల తాబేలు, అనగా వెనుక కాళ్లను చర్మపు రెక్కలతో మూసికొను జాతి, ఆ చట్టపు మొదటి పట్టికలో ఉన్నది. పులికి ఎట్టి రక్షణ కలదో దీనికిని అట్టి రక్షణయే కలదు. మెట్ట భూములలో తిరుగు నక్షత్ర తాబేలు కూడ ఆ పట్టికలోనిదే. మొదటి పట్టికలోని ప్రాణిని పట్టినను, చంపినను, అమ్మినను మూడేండ్ల నుండి ఏడేండ్ల వరకు ఖైదు, జుల్మానా కూడ పడును. "పొలములో దొరికినది, పిల్లవాడు ఆడుకొనుచున్నాడు" అనునది జవాబు కాజాలదు.

దుకాణములలో అమ్ము ఆకుపచ్చని పిల్ల మన దేశపుది కాదు. కంటి వెనుక ఎర్రని చార యుండుటచే దీనిని ఎర్రచెవి తాబేలు అనవచ్చును. దుకాణదారులు రెడ్ ఇయర్డ్ స్లైడర్ అందురు. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతము. పుట్టినప్పుడు అంగుళము పొడవున్న ఈ పిల్ల, పెరిగిన పిమ్మట ఆడదైనచో పది అంగుళముల వరకు పెరుగును. మగది కొంత చిన్నది. ఈ వ్యాసములోని మేత, పోషణ విషయములు ఇప్పటికే ఈ జాతిని ఇంట పెట్టుకొన్న వారి కొరకు వ్రాయబడినవి. క్రొత్తగా కొనదలచినవారు ముందు వ్యాసము తుదివరకు చదివి, పిమ్మట నిశ్చయించుకొనుడు.

డిప్ప అనగా ఏమి?

చాలమంది డిప్పను నత్తగుల్ల వలె తాబేలు మోయుచున్న పెట్టె అనుకొందురు. నత్త గుల్లకు ప్రాణము లేదు. తాబేటి డిప్ప అట్లు కాదు. అది ప్రాణమున్న ఎముక. వెన్నెముకయు, ప్రక్కటెముకలును వెడల్పై, ఒకదానితో నొకటి అతుకుకొని పై డిప్ప ఏర్పడినది. కడుపు క్రింద అడుగు డిప్ప కలదు. ఈ రెండును ప్రక్కల ఎముక వంతెనలతో కలిసియుండును. మొత్తము మీద డిప్పలో ఏబదికి పైగా ఎముకలు కలవు. డిప్పలో నుండి తాబేలును బయటకు తీయుట అనగా మనిషి నుండి వెన్నెముకను తీయుట వంటిదే.

ఈ ఎముకల మీద మన గోళ్లవంటి పదార్థముతో పలుచని పెంకులు కప్పుకొని యుండును. పై డిప్ప నడుమ పెద్ద పెంకులు పదమూడు. నడిమి వరుసలో అయిదు, ఇరుప్రక్కల నాలుగేసి. అంచు చుట్టును చిన్న పెంకులు వేరుగా ఉండును. పెంకుల క్రింద రక్తము ప్రసరించును, నరములు కలవు. మీరు డిప్పను తాకినచో తాబేలుకు తెలియును. గీకినచో నొప్పి కలుగును. డిప్పకు రంగులు పూయుట, రంధ్రము చేసి త్రాడు కట్టుట ఎంతటి క్రూరమైన పనులో దీనివలన గ్రహింపవచ్చును.

ఎముకను పెంచునది మేత. గట్టిపరచునది సున్నపు పదార్థము, అనగా కాల్షియము. ఆ కాల్షియమును కడుపు నుండి రక్తములోనికి చేర్చునది "డి" విటమిను. ఆ విటమినును చర్మములో పుట్టించునది ఎండ. ఈ నాలుగు లంకెలలో ఏది తెగినను డిప్ప చెడును.

డిప్ప మెత్తబడుట ఎట్లు జరుగును?

ఎముకకు కాల్షియముతో పాటు భాస్వరము కూడ కావలెను. అయితే మేతలో భాస్వరము ఒక పాలు ఉన్నచో కాల్షియము రెండు పాళ్లుండుట మేలు. ఇప్పుడు మన ఇండ్లలో తాబేలుకు ఏమి పెట్టుచున్నాము? కోడిమాంసపు ముక్క, లేదా దుకాణమువాడు ఇచ్చిన ఎండురొయ్యలు, లేదా అన్నము మెతుకులు. 100 గ్రాముల కోడిమాంసములో భాస్వరము సుమారు 200 మిల్లీగ్రాములు ఉండగా, కాల్షియము పది పదునైదు మిల్లీగ్రాములు మాత్రమే. రెండింతలు ఉండవలసిన కాల్షియము పదియవ వంతు కూడ లేదు.

రక్తములో కాల్షియము తగ్గినచో గుండె, కండరములు పనిచేయవు. అందుచే శరీరము తన ఎముకలనే కరిగించి రక్తమునకు అందించును. పాడిగేదె మేత చాలనపుడు తన ఎముకలోని సున్నమును పాలలోనికి వదలునట్లే ఇదియు. తాబేలుకు ఎముకలలో అధిక భాగము డిప్పయే గనుక ముందు అదియే మెత్తబడును. పైకి చూచుటకు తాబేలు తినుచునే యుండును, ఈదుచునే యుండును. లోపల ఇల్లు కూలిపోవుచుండును. ఇంటివారు కనిపెట్టునాటికి అంచులు పైకి వంగి, డిప్ప వ్రేలికి అణగునంతగా మెత్తబడును.

ఎండ లోపము కూడ ఇంతటిదే. సూర్యరశ్మిలోని కంటికి కనబడని ఒక విధమైన కిరణములే చర్మములో "డి" విటమినును పుట్టించును. ఆ కిరణములు గాజును దాటి రావు. కిటికీ అద్దము వెనుక ఎండలో పెట్టిన గాజుతొట్టి వేడెక్కునే గాని తాబేలుకు విటమిను లభింపదు. ఎండ తగలని పసిబిడ్డలకు రికెట్సు వ్యాధి వచ్చి కాళ్లు వంకరపోవుటకు గల కారణమే ఇక్కడను కారణము.

ఒక భేదము గమనింపుడు. క్రొత్తగా పుట్టిన పిల్ల డిప్ప స్వభావముచేతనే కొంచెము మెత్తగా ఉండి, పెరిగిన కొలది గట్టిపడును. ఏడాది దాటిన ఎర్రచెవి తాబేలు డిప్ప వ్రేలితో మెల్లగా ఒత్తినపుడు అణగినచో అది వ్యాధియే. మన చెరువుల మెత్త అంచుల తాబేలు సంగతి వేరు. దానికి డిప్పపై పెంకులు లేవు, చర్మమే కప్పియుండును. అది దాని స్వభావము; జబ్బు కాదు.

ఏమి పెట్టవలెను?

పిల్ల తాబేలు ఎక్కువగా జంతు సంబంధమైన మేత తినును. పెరిగిన కొలది ఆకులు, నీటి మొక్కలు ఎక్కువగా తినును. మనమును మేతను ఆ విధముగనే మార్చుకొనుచు రావలెను. పెరిగిన తాబేలుకు కూడ ప్రతిదినము మాంసమే పెట్టుట మేపుట కాదు, క్రొవ్వు పట్టించుట.

గుళికల మేత: నీటి తాబేళ్ల కొరకు తయారుచేసిన గుళికలు దుకాణములలో దొరకును. డబ్బాపై కాల్షియము, విటమినుల వివరములున్న దానిని కొనుడు. ఎండురొయ్యల డబ్బా గుళికల మేత కాదు. ఎండురొయ్యలు తాబేలుకు ఇష్టమే. అయినను అవి మన అన్నములో ఊరగాయ వంటివి. నెలకు రెండు మూడు సారులు మాత్రమే వేయవలెను.

జంతు సంబంధమైన మేత: ముళ్లతో కూడిన చిన్నచేపలు మాంసపు ముక్క కంటె ఎంతో మేలు, ముళ్లలో కాల్షియము కలదు. పెంకు తీయని చిన్న పచ్చిరొయ్యలు పెట్టవచ్చును. మీ వర్మి కంపోస్టు గుంటలోని ఎర్రలు మంచి మేత, కడిగి వేయుడు. పురుగుమందు చల్లిన పొలములోని ఎర్రలను, మిడతలను మాత్రము పెట్టరాదు. కొన్ని జాతుల పచ్చిచేపలలో "బి1" విటమినును చెరచు పదార్థము కలదు గనుక ప్రతిదినము ఒకే రకపు చేప పెట్టక మార్చుచుండుడు.

ఆకు మేత: ఈ విషయమున రైతుకు ఖర్చు లేదు. మన పెరటి మునగాకు మిక్కిలి శ్రేష్ఠము. 100 గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. భాస్వరము అంతకు చాల తక్కువ. పట్టుపురుగులు పెంచు రైతులకు మల్బరీ ఆకు చేతిలోనే ఉన్నది. మందార ఆకులు, పూవులు పెట్టవచ్చును. పశువుల కొరకు అజొల్లా పెంచు వారు ఒక దోసెడు తాబేలు తొట్టిలో వేసినచో తనకు కావలసినప్పుడు తినుచుండును. క్యారెట్టు, గుమ్మడి, చిలగడదుంప తురుము వారమునకు రెండు సారులు వేయుడు. వీటిలో "ఎ" విటమిను లభించును. ఆ విటమిను లోపించిన తాబేలుకు కంటి రెప్పలు వాచి కండ్లు మూతపడును; చూపు లేనందున మేత మానివేయును.

పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర మనకు మంచివే గాని తాబేలుకు దినభత్యము కారాదు. వీటిలోని ఆక్జాలిక్ ఆమ్లము కాల్షియమును పట్టియుంచి శరీరమునకు అందనీయదు. ఎప్పుడైన ఒకసారి చిన్న ఆకు వేసినచో భయము లేదు.

కాల్షియము వేరుగా: పచారీ కొట్టులో దొరకు సముద్రపు నురుగు ముక్కను తొట్టి నీటిలో వేసి ఉంచుడు. తాబేలు తనకు కావలసినంత కొరుకుకొనును. మూతి అంచులు కూడ అరిగి సరిగా ఉండును. కోడిగ్రుడ్డు పెంకులను నీటిలో మరగబెట్టి, ఎండబెట్టి, మెత్తగా నూరి వారమునకు రెండు సారులు మేతపై చిటికెడు చల్లవచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక. సున్నపు పదార్థము అన్నామని తాంబూలపు సున్నమును నీటిలో కలుపరాదు. అది నోటిని, కండ్లను, చర్మమును కాల్చివేయును.

పెట్టరానివి: అన్నము, రొట్టె, బిస్కట్లు, పాలు, జున్ను, ఉప్పు కారము తగిలిన వంటకములు, ఉప్పుచేప. పాలను అరిగించుకొను శక్తి తాబేలుకు లేదు. అన్నము కడుపు నింపునే గాని డిప్పకు ఏమియు ఈయదు.

ఎంత? ఎప్పుడు?

పిల్ల తాబేలుకు దినమునకు ఒకసారి పెట్టవలెను. పెరిగిన దానికి గుళికలు, చేపలు రెండు మూడు దినములకు ఒకసారి చాలును. ఆకు మాత్రము ప్రతిదినము అందుబాటులో ఉంచవచ్చును. కొలత సులభము. తాబేలు తల ఎంత పరిమాణమున ఉన్నదో అంత పరిమాణపు గుళికలు ఒక పూటకు చాలును. తాబేలు మనిషిని చూచినప్పుడెల్ల మెడ చాచి నీటిని కొట్టుచు మేత అడుగును. అది ఆకలి కాదు, అలవాటు. అడిగినప్పుడెల్ల పెట్టినచో వేగముగా పెరిగి పెంకులు ఎగుడుదిగుడగును, కాళ్ల వద్ద క్రొవ్వు మడతలు పడును.

నీటి తాబేలు నీటిలోనే మ్రింగగలదు. మేతను ఒడ్డున పెట్టినను అది నోట కరచుకొని నీటిలోనికే పోవును. కావున వేరొక చిన్న బేసినులో నీరు పోసి, అందులో మేపి, పావుగంట తరువాత తిరిగి తొట్టిలోనికి మార్చినచో ఇంటి తొట్టి నీరు చెడకుండ ఉండును. శ్రమ కొంచెము, లాభము చాల.

నీరు, ఎండ, ఆరుటకు చోటు

గాజుగిన్నె తాబేలుకు ఇల్లు కాదు. డిప్ప పొడవు ప్రతి అంగుళమునకు సుమారు 40 లీటర్ల నీరు అవసరమని పెంపకము తెలిసినవారు చెప్పుదురు. నాలుగు అంగుళముల తాబేలుకు 160 లీటర్లు. ఇంత గాజుతొట్టి కొనుట భారమనుకొన్నచో పెరటిలో సిమెంటు తొట్టి, పాత పశువుల నీళ్లతొట్టి బాగుగా ఉపయోగపడును. నీటిలోతు డిప్ప వెడల్పు కంటె ఎక్కువ ఉండవలెను. లేనిచో తలక్రిందులైన తాబేలు తిరుగబడలేక నీటిలో మునిగి చనిపోవును.

నీటిలో నుండి ఎక్కి పూర్తిగా ఆరుటకు ఒక మెట్ట తప్పక యుండవలెను. ఏటవాలుగా పెట్టిన బండరాయి, ఇటుకల మీద పలక చాలును. ఆరని డిప్ప తడి గోనె వంటిది. దానిలో సూక్ష్మజీవులు పుట్టును. నీరు 24 నుండి 28 డిగ్రీల వేడి కలిగి, ఆరు మెట్ట 30, 32 డిగ్రీలు ఉన్నచో అరుగుదల బాగుండును. తాబేలుకు సొంత ఒంటి వేడి లేదు; చలికాలపు రాత్రులలో నీరు చల్లబడినచో మేత తగ్గించును. అప్పుడు బలవంతముగా మేపరాదు.

ఎండ విషయమున మన రాష్ట్రముల రైతులు అదృష్టవంతులు. చలిదేశములలో దీని కొరకు ప్రత్యేక దీపములు కొని, ఏడాదికి ఒకటి రెండు సారులు మార్చవలసి యుండును. మనకు ప్రొద్దుటి లేత ఎండ అరగంట ఉచితముగా దొరకును. తొట్టిలో సగము ఎండ, సగము నీడ ఉండునట్లు చూడుడు. వేడి ఎక్కువైనచో అది తానే నీడకు పోవును. వేసవిలో మిట్టమధ్యాహ్నము చిన్న తొట్టిని ఎండలో వదలుట చంపుటతో సమానము. చిన్న పాత్రలోని నీరు ఎంత త్వరగా కాగునో మీరెరుగుదురు. తాబేలుకు పారిపోవు దారి లేదు. కాకులు, కుక్కలు, పిల్లులు తాకకుండ తొట్టిపై వల కప్పుడు.

నీటిని ముక్కుతో పరీక్షింపవచ్చును. వాసన వచ్చినదనగా ఆలస్యమైనదన్నమాట. వడపోత యంత్రమున్నచో వారమునకు నాలుగవ వంతు నీరు మార్చిన చాలును. లేనిచో రెండు మూడు దినములకు ఒకసారి నీరంతయు మార్చవలెను. తీసిన నీటిని పారబోయక పూల మొక్కలకు పోయుడు. అది మంచి ఎరువు. ఆకుకూరల మడికి మాత్రము పోయరాదు; కారణము ముందు చెప్పబడును.

డిప్పను చూచి తెలిసికొనుట

వారమునకు ఒకసారి తాబేలును మెత్తని గుడ్డమీద పెట్టి, పగటి వెలుతురులో పైని, క్రిందను చూడుడు. పొడవును, తూకమును ఒక పుస్తకములో వ్రాసికొనుడు. చూడవలసినవి ఇవి:

1. పలుచని, పారదర్శకమైన పెంకుపొరలు ఒక్కొక్కటిగా ఊడుట సహజము. పెరుగుచున్నదనుటకు గుర్తు. గోటితో పీకరాదు.

2. పొరలు ఊడక ఒకదానిపై నొకటి పేరుకొన్నచో ఆరు చోటు, ఎండ చాలలేదని తెలియును.

3. ఆకుపచ్చని నాచు పట్టుట ప్రమాదము కాదు. మెత్తని పళ్లకుంచెతో నీటిలో తోమిన పోవును. సబ్బు వాడరాదు.

4. డిప్ప అణగుట, అంచులు పైకి వంగుట, నడచునపుడు పొట్ట ఎత్తలేకపోవుట కాల్షియము లోపపు గుర్తులు.

5. తెల్లని లేక గోధుమరంగు మచ్చలు, గుంటలు, జిగురు, చెడువాసన ఉన్నచో డిప్పకుళ్లు. మురికి నీరు, గీరుకొన్న గాయములు దీనికి మూలము.

6. అడుగు డిప్పలో గులాబిరంగు లేక ఎర్రని చారలు కొత్తగా కనబడి, తాబేలు నీరసముగా ఉన్నచో రక్తమునకు విషము ఎక్కినదేమోనని శంకించి ఆ దినమే పశువైద్యునికి చూపవలెను.

7. ఒక ప్రక్కకు ఒరిగి తేలుట, ముక్కున బుడగలు, నోరు తెరచి ఊపిరి పీల్చుట ఊపిరితిత్తుల వ్యాధి గుర్తులు. ఇదియు ఆలస్యము చేయరానిది.

డిప్పకుళ్లు స్వల్పముగా ఉన్నచో తాబేలును పొడి, వెచ్చని పెట్టెలో ఉంచి, దినమునకు గంట రెండు గంటలు మాత్రము శుభ్రమైన నీటిలో మేత కొరకు విడిచి, మచ్చలపై పల్చగా కలిపిన పోవిడోన్ అయోడిను అద్దవచ్చును. ఇది వైద్యుని వద్దకు పోవువరకు చేయు ఉపచారము మాత్రమే. మెత్తబడిన డిప్పకు కాల్షియము ఏ రూపమున, ఎంత ఇయ్యవలెనో వైద్యుడే నిర్ణయించును. "ఎ", "డి" విటమినులు అధికమైనను హానియే గనుక మందుల దుకాణములో అడిగి చుక్కలు వేయుట మానుడు. డిప్ప పగిలినచో శుభ్రమైన తడి గుడ్డ కప్పి వెంటనే తీసికొనిపొండు, జిగురుతో అతికింపరాదు.

కొందరు డిప్పకు నూనె రాచి మెరయజేయుదురు. మరికొందరు పసుపు, కుంకుమలు పూయుదురు. నూనెకు మురికి పట్టును, పెంకుల నడుమ సూక్ష్మజీవులు నిలుచును. పైన రాచిన నూనె డిప్పను గట్టిపరచజాలదు. లోపలికి పోయిన మునగాకు గట్టిపరచును.

ఇంటివారి ఆరోగ్యము

ఆరోగ్యముగా కనబడు తాబేలు కడుపులో కూడ సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. అది తాబేలుకు హాని చేయకపోయినను మనుష్యులకు జ్వరము, విరేచనములు కలిగించును. పసిపిల్లలు చిన్న తాబేళ్లను నోట పెట్టుకొనుట వలన వ్యాధి ప్రబలగా, అమెరికా ప్రభుత్వము 1975లో నాలుగు అంగుళముల కంటె చిన్న తాబేళ్ల అమ్మకమును నిషేధించినది. మన ఇండ్లలో కొనునవి అన్నియు దాదాపు ఆ పరిమాణపువే. కావున తాబేలును గాని, తొట్టి నీటిని గాని తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగవలెను. అయిదేండ్ల లోపు బిడ్డల చేతికి ఈయరాదు. తొట్టిని వంటయింట, త్రాగునీటి కుళాయి వద్ద కడుగరాదు. ఆకుకూరలకు ఆ నీరు పోయరాదనుటకు ఇదియే కారణము.

చెరువులో వదలరాదు

తాబేలు పెద్దదగును, తొట్టి చాలదు, పిల్లవాడు చదువునకు పట్టణము పోవును. అప్పుడు పెద్దలకు తోచు పుణ్యకార్యము దానిని ఊరి చెరువులో వదలుట. ఇది పుణ్యము కాదు. ఎర్రచెవి తాబేలు ప్రపంచములోని నూరు మిక్కిలి చెడ్డ ఆక్రమణ జాతుల పట్టికలో చేరినది. ఐరోపా దేశములు 1997లోనే దీని దిగుమతిని ఆపివేసినవి. ఇది మన తాబేళ్లు ఎండకు ఎక్కు చోట్లను ఆక్రమించును, వాటి మేతను తినివేయును, తెచ్చిన వ్యాధులను అంటించును. కేరళలో త్రిశ్శూరు వద్ద ఒక కాలువలో 2018లో ఈ జాతి దొరకగా, అచ్చటి అటవీ పరిశోధనా సంస్థ వారు ప్రజలు పెంచలేక వదలదలచిన తాబేళ్లను తమకు అప్పగింపుడని కోరవలసి వచ్చినది. వయ్యారిభామ కలుపు, గుర్రపుడెక్క మన పొలములలో, కాలువలలో చేసిన నష్టము చూచిన రైతుకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. రెండును బయటి నుండి వచ్చినవే.

చెరువులో మన తాబేలు ఉచితముగా పనిచేయు పాకివాడు. చచ్చిన చేపలను, నత్తలను, పురుగులను తిని నీటిని శుభ్రపరచును. దానికి పోటీ తెచ్చిపెట్టుట మనకే నష్టము. పెంచలేనివారు పెంచగల వేరొకరికి ఈయుడు. లేదా అటవీ శాఖ వారిని, జంతు ప్రదర్శనశాల వారిని సంప్రదింపుడు.

గ్రామోద్యోగులకు మనవి

పూడికతీత సమయమున, నూతులు శుభ్రము చేయునప్పుడు తాబేళ్లు బయటపడుచుండును. కూలీలు వాటిని పంచుకొనకుండ ముందే హెచ్చరింపుడు. తడి గోనెసంచిలో నీడన ఉంచి అటవీ సిబ్బందికి తెలియజేయుడు. సంతలలో, దుకాణములలో మన దేశపు తాబేళ్లు అమ్మకమునకు కనబడినచో ఆ సంగతి వెంటనే అటవీ అధికారికి అందవలెను. పాఠశాలలో ఉపాధ్యాయులు ఈ విషయములు పిల్లలకు చెప్పినచో ఇంటిలో పెద్దలకు కూడ తెలియును. తాబేలు కొనిపెట్టుమని అడుగునది పిల్లలే గనుక పాఠము అక్కడ మొదలగుట మంచిది.

కొనదలచినవారు ఇక నిశ్చయించుకొనవచ్చును. ముప్పది యేండ్ల పోషణము, పెరటిలో తొట్టి, దినదినము శుభ్రమైన నీరు ఇయ్యగలమా అని ఇంటిల్లిపాదియు ఆలోచించుకొనుడు. ఇయ్యలేమని తోచినచో కొనకుండుటయే దయ. ఇప్పటికే ఇంట ఉన్నవారు రేపు ఉదయమే తొట్టిని ఎండ తగలు చోటికి మార్చి, ఎండురొయ్యల డబ్బాను ప్రక్కన పెట్టి, గుప్పెడు మునగాకు, ఒక సముద్రపు నురుగు ముక్క వేసి చూడుడు. కోడి వలె నాలుగు దినములలో ఫలితము కనబడదు. నెలలు పట్టును. వంగిన అంచు పూర్తిగా సరికాకపోవచ్చును గాని, క్రొత్తగా పెరుగు భాగము గట్టిగా పెరుగును. మీ పుస్తకములోని తూకపు లెక్కయే ఆ సంగతి మీకు చెప్పును.